రెండు మూతుల మిషను

ఇందుమూలముగా బందరు పురజనులందరికీ తెలియజేయడమేమనగా: మీ టేబుల్ ఫ్యాను కిర్రుమంటే కిర్రుమననివ్వండి. కుట్టుమిషను మొరాయిస్తే సూదీ దారం పట్టుకోండి. అంతేగాని మా వీధి మేస్త్రీ గారి వసారాలోకి ఇకమీదట ఏదీ మోసుకురావద్దు. మేస్త్రీ గారు మొన్న మంగళవారం పొద్దున్న, ఆకురాయి చేతిలో ఉండగానే, పోయారు.

ఏడుద్దామని కూర్చుంటే నవ్వొస్తోంది. నవ్వుదామంటే ఏడుపొస్తోంది. థర్డ్ ఫారం రెండేళ్ళు చదివి అక్కడే ఆగినవాణ్ణి. ఈ రెంటికీ మధ్య ఉన్నదాన్ని ఏమంటారో మా పంతులు చెప్పలేదు.

ఆయన పని వసారాలో, కాపరం వెనక గదిలో. ఇనుము అరగదీసిన పొడి రోజంతా వంటింట్లోకి పోయేది. ఆయన భార్యకి ఉబ్బసం. ఆవిణ్ణి నేను అక్కయ్య అంటాను, అందుకని ఆయన నన్ను బావా అనేవారు. "ఇంట్లో దుమ్మైనా ఉండాలి, ఆవిడైనా ఉండాలి" అన్నాడు డాక్టరు. దుమ్ము లేకపోతే కూడు లేదు. అక్కయ్యని దివిసీమలో చెల్లెలింటికి పంపేశారు. ఆ తర్వాత ఆయన ఒంటరిగా వండుకున్న అన్నం నేనూ తిన్నాను. దాని సంగతి రాయను.

యుద్ధం రోజులవి. గుడివాడలో ఓ మిల్లు పెరట్లో పారేసిన దుమ్ము పీల్చే మిషను ఆయన కంటబడింది. రేకు పీపాకి ఏనుగు తొండం తగిలించినట్టుంటుంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెస్తూంటే, పామర్రులో నేను పక్కవాడి చెవిలో "దొరల బాంబు" అన్నాను. సగం బస్సు దిగిపోయింది.

"చోటు దొరికింది, కాళ్ళు చాపుకో బావా" అన్నారు మేస్త్రీ గారు. అంతే.

ఇంటికొచ్చి మోటారు విప్పారు. "బ్రష్షులు అరిగిపోయాయి బావా. బజార్లో రెండు దొరుకుతాయేమో చూసి రా."

సున్నం కొట్టే బ్రష్షులు, మంచివి, ఏరి తెచ్చాను. ఆయన వాటిని చూశారు. నన్ను చూశారు.

"మోటారుకి వెల్ల వేద్దామా?"

"వేళాకోళానికి తెచ్చా లెండి" అన్నాను. నిజంగా నాకు తెలీదు. మోటారులో తిరిగే రాగి చక్రాన్ని ఒరుసుకుంటూ దానికి కరెంటు అందించే బొగ్గు ముక్కల్ని బ్రష్షులంటారట. ఒక్క వెంట్రుకైనా లేనిదానికి ఆ పేరెందుకో ఇప్పటికీ బోధపడలేదు.

మద్రాసు నుంచి సామాను రావడం లేదు. ఆయన పాత టార్చిలైటు బ్యాటరీలు పగలగొట్టి, లోపలి బొగ్గు కడ్డీలని నాలుగు పలకలుగా అరగదీశారు. ఒకటి విరిగితే ఇంకొకటి. ఇరుసుని పట్టి ఉంచే ఉంగరాల్లాంటి బుష్షులు వదులైపోతే, వాటి బదులు ఇత్తడివి చేసి దిగ్గొట్టారు. పాత ముక్కల్ని మాత్రం పారెయ్యలేదు, కిటికీలో వరసగా పెట్టారు. "అరిగిందంటే పని చేసిందన్నమాటేగా. పారేస్తే ఏం బావుంటుంది?" అనేవారు.

మిషను తిరిగింది. కబురందుకుని అక్కయ్య పడవలో కృష్ణ దాటి వచ్చింది.

ఇక్కడే నా చెయ్యి ఊరుకోలేదు. ఆ పీపాకి రెండు మూతులు. ఒకటి పీలుస్తుంది, రెండోది గాలి వదులుతుంది. మేస్త్రీ గారు చేతులు కడుక్కోడానికి వెళ్ళగానే తొండం ఊడదీసి, అందులో గుప్పెడు పొయ్యి బూడిద పోసి, రెండో మూతికి బిగించాను. ఆయన మొహాన బూడిద పడితే వారం రోజులు నవ్వుకోవచ్చని. "నేను పట్టుకుంటానుండండి" అంటూ అక్కయ్య తొండం అందుకుంటుందని నాకేం తెలుసు?

ఆయన స్విచ్చి నొక్కగానే బూడిద మబ్బులా లేచింది. అక్కయ్యకి ఊపిరి అందలేదు. నేను విసనకర్ర కోసం గదంతా మూడుసార్లు తిరిగాను. అది నా చేతిలోనే ఉంది.

"నాదే పొరపాటు. తొండం తిరగేసి బిగించాను" అన్నారు మేస్త్రీ గారు, ఆవిడ వీపు రాస్తూ.

మర్నాడు ఆవిణ్ణి మళ్ళీ పడవెక్కించాం. పడవ కదిలాక ఆయన నావైపు తిరక్కుండానే "నాకు తెలుసులే బావా, ఇంక మర్చిపో" అన్నారు.

ఆవిడ మళ్ళీ ధైర్యం చేసి రావడానికి మూడు నెలలు పట్టింది. వచ్చింది, ఉండిపోయింది. రోజూ సాయంత్రం పని కట్టేశాక మిషను మోత మా ఇంటికి వినబడేది. నేను మాత్రం వసారా దాటి మిషనున్న ఆ మూలకి మళ్ళీ వెళ్ళలేదు.

నిన్న అక్కయ్యే పిలిచింది. "తమ్ముడూ, దీనిమీద ఏం రాసుందో కాస్త చదివి పెట్టు. నాకు అక్షరం రాదు, ఆయనకీ రాదు. నేను తిరిగొచ్చే ముందు బోర్డులు రాసే మనిషిని పిలిచి రాయించారు. ఎవరికోసమండీ అంటే, చదువుకున్నవాళ్ళు వస్తూంటారుగా అన్నారు."

ఒక మూతి పైన 'పీల్చు'. రెండోదాని పైన 'ఊదు'. తెల్లరంగు, జానెడేసి అక్షరాలు.

ఆ మూలదాకా పోయే చనువున్న చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది తిట్టో, మన్నింపో, ఉత్త జాగ్రత్తో తేల్చుకోలేక అక్కయ్యకి రెండుసార్లు చదివి వినిపించి వచ్చేశాను.

ఇంకో ముక్క. రేవులో ఆయన "నాకు తెలుసులే బావా" అన్నారని రాశాను చూడండి, అది శుద్ధ కల్పన. ఇన్నేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్న మాట. ఆయనేమీ అనలేదు. పడవ కనుమరుగయ్యేదాకా చూసి, నా చెవి వెనక ఇంకా అంటుకుని ఉన్న బూడిదని తువ్వాలు కొసతో తుడిచారు. ఆ బూడిద అందరిమీదా పడింది కదా, అందుకే తుడిచారేమో. లేక తెలిసే తుడిచారేమో.