కడిగిన రూపాయి

కోపంతో ఇల్లు విడిచిపోయే మనిషి, తాను దేనికోసం వచ్చిందో దాన్నే అక్కడ వదిలేసి ఎందుకు పోతుంది? మోతీ గురించి ఈ ఒక్క ప్రశ్నకు ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు. తండాలో అడిగితే రోషం అన్నవాళ్లున్నారు, మరిచిపోయి ఉంటదిలే అన్నవాళ్లున్నారు. మోతీ మరిచిపోయే మనిషి కాదు. ఎప్పుడో తన మూకుడు అడిగి తీసుకుపోయి సొట్టతో తిరిగిచ్చిన పక్కింటామె ముప్పై ఏళ్ల తర్వాత చనిపోతే, పాడె ముందు నిలబడి, "మంచిదే పాపం, మూకుడొక్కటే పాడుజేసింది" అన్న మనిషి.

టేకులపల్లి దాటి అడవి వైపు నాలుగు మైళ్లు పోతే వాళ్ల తండా. మోతీకి ఇరవై ఆరేళ్లప్పుడే మొగుడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. తల్లి హస్లీ దగ్గరికి, లంబాడీ మాటలో యాడి దగ్గరికి, తిరిగొచ్చి, తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు చందూలాల్‌ను ఖమ్మం హాస్టల్లో పెట్టి చదివించింది. రెండెకరాల పత్తి చేను, ఎండాకాలం తునికాకు. అదే ఆమె బతుకు.

తునికాకు కల్లం దగ్గర మోతీ అంటే అందరికీ జంకు. ఆకు కట్టలు చూసి తీసుకునే కల్లేదారు "ఇది చిల్లులాకు" అని కట్టను పక్కకు తోసేస్తే, మిగతా ఆడవాళ్లు ఆ కట్ట విప్పి, పైనా కిందా రెండు మంచి ఆకులు పెట్టి, మళ్లీ బిగించి, మర్నాడు అతని ముందే పెట్టేవాళ్లు. అతనూ తీసుకునేవాడు. అందరికీ తెలిసిన సంగతే. మోతీ మాత్రం ఒక్కనాడు ఆ పని చేయలేదు. "నిన్న పనికిరానిది ఇయ్యాల ఎట్ల పనికొచ్చింది? నిన్న నీ కండ్లు పోయినయా, ఇయ్యాల నా సిగ్గు పోయిందా?" అని, తోసేసిన కట్టను అతని కాళ్ల ముందే విప్పి గాలికి వదిలేసేది. ఆ రోజు కూలి పోయేది. మాట దక్కేది.

ఇక రూపాయి సంగతి.

హస్లీ పెళ్లి మాట కుదిరినప్పుడు పెళ్లికొడుకు బద్యా తరఫువాళ్లు తండా పెద్ద నాయక్ చేతిలో ఒక రూపాయి పెట్టారు. ఆ రూపాయి పడితేనే మాట ఖాయమైనట్టు. అప్పట్లో నిజాం ఇలాకాలో నడిచేది హాలీ సిక్కా. బద్యా తండ్రి పశువుల బేరానికి గోదావరి దాటి భద్రాచలం వైపు పోయి వచ్చేవాడు గనక ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి తెచ్చాడు. ఒకవైపు రాజు ముఖం, రెండోవైపు 1939. పెళ్లయ్యాక నాయక్ దాన్ని పెళ్లికూతురికే ఇచ్చేశాడు. పెళ్లికి వచ్చిన మిగతా రూపాయలకు కొక్కేలు అతికించి హారం చేయించుకున్న హస్లీ, దీన్ని మాత్రం కంసాలి చేతికివ్వలేదు. "ఇది చేతిల పడ్డ మాట. మెడల ఏసుకునేది గాదు" అనేది.

దీపావళి అమావాస్య, వాళ్ల కాళీ అమాస్, నాడు నిప్పుల మీద నెయ్యీ, బెల్లంతో వండిన లాప్సీ వేసి చనిపోయిన పెద్దలను పేరుపేరునా పిలుస్తారు. హస్లీ ఇంట్లో ఆ నిప్పుల పక్కన ఈ రూపాయి ఉండాల్సిందే. ముందు రోజు చింతపండు నీళ్లలో ముంచి, అరచేత్తో తుడిచి పెట్టేది. పెద్దల ముందుకు మురికి వస్తువు పోకూడదు. హస్లీ పోతూ పోతూ రూపాయిని మోతీ చేతిలో పెట్టింది. నిజానికి పెద్దల పేర్లు పిలవాల్సింది కొడుకు. కానీ చందూలాల్ ఖమ్మంలో ఉద్యోగస్తుడు. సెలవు దొరకదు, దొరికినా రాడు. మొగోడు చేసేది ఆడదానివి నువ్వు చేస్తున్నవేందని తండాలో ఎవరో ఎత్తిపొడిస్తే, "మొగోడు దొరికితే పట్టుకరా, నిప్పులు సల్లారకుండ చూస్త" అంది మోతీ.

చందూలాల్‌కు చదువుకునే రోజుల నుంచే పాత నాణేల పిచ్చి. అట్టపెట్టెల నిండా కవర్లు, కవర్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు. హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శన ఎప్పుడు జరిగినా పోయేవాడు. అక్కడ పెద్ద పెద్ద వాళ్ల నాణేలు గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో, పైన గ్రేడు నంబరుతో మెరుస్తూ ఉండేవి. నాణేన్ని పరీక్షించి ఒకటి నుంచి డెబ్బై దాకా నంబరు వేసి, పెట్టెలో బిగించి పంపే సంస్థ ఏదో విదేశంలో ఉంది. 1939 రూపాయి మంచి స్థితిలో దొరకడం అపురూపమని అతనికి తెలుసు. అమ్మే ఉద్దేశం లేదు. నంబరు కావాలి. ఆ వరసలో ఒక్కసారి తన రూపాయి కూడా నిలబడాలి.

2008 కాళీ అమాస్ అయ్యాక అక్కను "బాయీ" అని బతిమాలి రూపాయి అడిగాడు. మళ్లీ పండుగకు తెచ్చివ్వాలన్న షరతు మీద మోతీ సరేనంది. సరేనని ఊరుకుందా? పరాయి దేశపోళ్లు ముట్టుకుంటారు, లంబాడోళ్ల రూపాయి మురికిగుందని ఎవడూ అనకూడదు అనుకుంది. ఏటా చింతపండు నీళ్లతో సరిపెట్టే దాన్ని, ఆ పూట ఇటుక పొడీ బూడిదా కలిపి కొబ్బరి పీచుతో గంటసేపు తోమింది. రాజు ముఖం కొత్త గిన్నెలా తళతళలాడింది. "నీ పెండ్లికి గూడ గింత తయారు గాలేదు గదా" అని రాజును ఎగతాళి చేసి, నవ్వుకుంటూ గుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఖమ్మంలో నాణేలు, స్టాంపులు అమ్మే వెంకటరామారావు దాన్ని చూసి నసిగాడు గానీ పంపాడు. ఎనిమిది నెలల తర్వాత పెట్టెలో వచ్చింది. పెట్టె మీద నంబరు లేదు. "క్లీన్డ్" అన్న ఒక్క మాట ఉంది. గట్టిగా రుద్ది పాడుచేశారని దాని అర్థం.

మర్నాడు కాళీ అమాస్ అనగా, 2009లో, మోతీ పొద్దున బస్సుకే ఖమ్మం వచ్చింది. రూపాయి చుట్టుకోవడానికి కొత్త గుడ్డముక్క నడుముకు చెక్కుకుని మరీ వచ్చింది.

"జల్దీ తీసుకురా. పొద్దుగూకక ముందే ఇంట్ల పడాలె."

చందూలాల్ బీరువా తీసి ప్లాస్టిక్ పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. మోతీ అటూ ఇటూ తిప్పింది. మూత కోసం వెతికింది. మూత లేదు.

"ఏందిరా ఇది? పీనుగను పెట్టినట్టు పెట్టిన్రు."

"ఏం రాసిన్రో తెలుసా బాయీ? రుద్దిన్రని రాసిన్రు. నంబరియ్యలే. పీచు పెట్టి తోమిందెవరు? నువ్వే గదా?"

"అవ్, నేనే తోమిన. తోమక? నీ లెక్క దినమంత మొఖం కడగకుండ తిరగాల్నా యాడి రూపాయి?"

"గది తప్పంట!"

"ఎవనికి తప్పు? గా రాసినోనికి యాడి ఉన్నదా లేదా?"

"ఇరవై ఏండ్ల సంది ఎదురుచూసిన బాయీ. ఒక్క గంటల నాశనం జేసినవ్." చందూలాల్ బీరువా తలుపు గట్టిగా వేశాడు. అతనికీ తక్కువ కోపం లేదు. వంటింట్లోంచి సంగీత తొంగిచూసి, మొగుడి ముఖం చూసి, ఆడబిడ్డ ముఖం చూసి, చాయ్ గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టేసింది.

"సరే, నాశనం జేసిన. పెట్టె పగలగొట్టి నా రూపాయి నాకియ్యి."

"పగలగొడుదాం. కానీ ఇయ్య. మళ్ల పంపుత. ఎట్ల పంపాల్నో సారు చెప్పిండు. నువ్వే వచ్చి విను."

అక్కకు అర్థమయ్యేలా చెప్పగలిగింది ఆయనేనని చందూలాల్ నమ్మకం. ఆటోలో షాపుకు తీసుకుపోయాడు. వెంకటరామారావు మర్యాదస్తుడు. లేచి స్టూలు తుడిచి వేశాడు.

"కూర్చోండమ్మా. ఇది మన చేతిలో పనేనండి. నాణేన్ని బయటికి తీసి, ఉడికిన గుడ్డు పచ్చసొన పక్కన ఓ డబ్బాలో పెడతాం. కొంచెం నలుపు తిరుగుతుంది. తర్వాత పాత కాగితం కవర్లో ఓ ఏడాది ఉంచితే గీతలు అంతగా కనపడవు. రెండోసారి ఇంకెవరి చేతిలోనో పడుతుంది. అదృష్టం బాగుంటే నంబరొస్తుంది. మీరు మాత్రం ఇక జన్మలో కడగొద్దు."

"అంటే మురికి జేస్తరు."

"మురికి కాదమ్మా. పాతదనం."

"పాతదే గద సారూ అది. మా అమ్మ పెండ్లి నాటిది. పాతదానికి మళ్ల పాతదనం పూసుడేంది?"

వెంకటరామారావు నవ్వబోయి ఆగిపోయాడు.

"కడిగితే కనుక్కున్నరు గదా గా దొరలు? రేపు గుడ్డు పెట్టిన్రని కనుక్కోరా?"

"కనుక్కోవచ్చు, కనుక్కోకపోవచ్చు. అందుకే అదృష్టం అన్నాను."

మోతీ తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు పదో తరగతి రెండుసార్లు రాసినవ్. నేనే ఫీజు గట్టిన, నేనేమన్లే. ఇప్పుడు సచ్చిపోయిన యాడితోని గూడ సప్లిమెంటరీ రాయిస్తవారా?"

చందూలాల్ ముఖం ఎర్రబడింది. వెంకటరామారావు గల్లాపెట్టె సర్దుకుంటున్నట్టు నటించాడు. గొడవ చల్లార్చడానికేమో, భూతద్దం తీసి మోతీ చేతికిచ్చాడు. "మీరే చూడండమ్మా. సంస్థవాళ్లు ఊరికే రాయలేదు."

మోతీ చూసింది. రాజు చెంప మీద, మెడ మీద, వెనక అంకెల మీద సన్నటి గీతలు. ఒకే వాలులో, దగ్గర దగ్గరగా, దుక్కి దున్నిన చేనులా. తాను తోమేటప్పుడు చెయ్యి ఎటు ఆడుతుందో ఆమెకు తెలుసు. అవి ఆ చేతి గీతలే. తల్లి అరవై ఏళ్లు అరచేత్తో తుడిచిన రూపాయి మీద లేని గీతలు, గంటలో తాను పెట్టినవి. భూతద్దం బల్ల మీద పెట్టి, షాపు మెట్లు దిగి ఆటోలో కూర్చుంది.

దారంతా నోరు విప్పలేదు. మోతీ మౌనం ఎరగని చందూలాల్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. అతని తప్పు అదే. ఇంటికొచ్చాక మెత్తగా మొదలుపెట్టాడు.

"ఒక్క ఏడాదే బాయీ. ఈసారి నిప్పుల కాడ వేరే రూపాయి పెట్టు. నా దగ్గర గా రాజువే వేరే ఏండ్లయి పది ఉన్నయ్, మంచిది ఏరి ఇస్త. యాడికేమన్న తెలుస్తదా?"

మోతీ బల్ల మీది కవర్ల వరస చూసింది.

"తెల్వది. యాడికేం తెలుస్తది." తర్వాత అడిగింది, "పెద్దల పేర్లు ఎన్ని యాదికున్నయిరా నీకు?"

"యాడి. బా బద్యా. తాత రూప్లా..." చందూలాల్ ఆగాడు. "రూప్లా తండ్రి... గిప్పుడవెందుకు?"

మోతీకి తొమ్మిది తరాలు వచ్చు. చెప్పలేదు. చేతిలోని పెట్టెను బల్ల మీద, అతని కవర్ల పక్కన పెట్టింది. పెద్ద గొడవ తప్పిందనుకుని చందూలాల్, ఆఫీసులో ఒక్క సంతకం ఉంది, గంటలో వచ్చి బస్సెక్కిస్తానని చెప్పి వెళ్లాడు.

బండి చప్పుడు మలుపు తిరిగాక మోతీ లేచి వంటింట్లోకి వచ్చింది.

"సంగీతా, చింతపండు ఏడ పెట్టినవ్?"

"పై అరల ఉన్నది వదినా. పులుసు పెడుతున్నవా ఏంది? నేను పెడ్త, నువ్వు కూసో."

"నీ పని నువ్వు జూసుకో."

సంగీత బట్టల బకెట్ తీసుకుని పెరట్లోకి పోయింది. లోపల్నుంచి రోటి బండ మీద ఠపీమని ఒక దెబ్బ. తర్వాత ఇంకొకటి. చింతపండు దంచుతోందనుకుంది. పెట్టె ప్లాస్టిక్ గట్టిది, మూడో దెబ్బకు గానీ పగల్లేదు. మోతీ ముక్కలన్నీ ఏరి, ఒక్కటి కింద పడనీయకుండా మూలకు పోగుచేసింది. "క్లీన్డ్" అన్న కాగితం ముక్క వాటి పైన పడింది.

గిన్నెలో చింతపండు పిసికింది. పీచు వైపు చూడలేదు, బూడిద అడగలేదు. రూపాయిని ముంచి, అరచేతిలో పెట్టుకుని, రెండో అరచేత్తో నెమ్మదిగా తుడిచింది, హస్లీ తుడిచినట్టు. మంచినీళ్లతో కడిగింది. నడుముకున్న కొత్త గుడ్డముక్క తీసి తడి అద్దింది. స్టీలు పళ్లెం ఒకటి వెతికి, గుడ్డ పరిచి, దాని మీద రూపాయి పెట్టి, పళ్లేన్ని చందూలాల్ బల్ల మీద కవర్లన్నీ పక్కకు జరిపి నడిమధ్యన, ఏటా నిప్పుల పక్కన పెట్టేటట్టే, పెట్టింది. రాజు ముఖం కిందికి, 1939 పైకి.

"వదినా, చాయ్ తాగినవా? పొయ్యి మీదనే ఉన్నది" అని పెరట్లోంచి సంగీత కేకేసింది.

మోతీ చెప్పులేసుకుంది. ఖాళీ నడుము ఒకసారి తడుముకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుంది. గేటు గడియ చప్పుడు కాకుండా తీసి, బయటికొచ్చి, మళ్లీ వేసింది. సంగీత రెండోసారి పిలిచేసరికి ఆమె వీధి మలుపు దగ్గరుంది. వెనక్కి చూడలేదు. బస్టాండ్ వైపు, ఎవరితోనో తగువుకు పోతున్నంత వేగంగా నడుస్తోంది.