నది అవతల ఒక్కతే

హనుమకొండ ఆడపిల్లల హాస్టల్లో మేం ముగ్గురం ఒకరినొకరం ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. ఇక్కడా అలాగే చెబుతాను. నేను జనగామ, బడిలో లెక్కల టీచర్ని. మరిపెడ తమ ఇంటి విత్తనాల దుకాణం చూసుకుంటుంది. మహదేవపూర్‌ది గోదావరి ఒడ్డున పల్లె, ఇప్పుడు భూపాలపల్లిలో నర్సు.

ముప్పై అయిదు దాటాక ఒక జూలైలో, జీతం లేని సెలవు పెట్టి, వీపున సంచులు తగిలించుకుని నలభై రోజులు కిర్గిజ్‌స్తాన్ కొండల్లో నడవడానికి వెళ్ళాం. అంతకుముందు మూడు నెలలు ఆదివారాలు దేవరుప్పుల దగ్గర కాలువ గట్టు మీద, సంచుల్లో బియ్యం నింపుకుని నడిచాం. "ఏమన్న మొక్కుందా బిడ్డా?" అని ఒక అవ్వ జాలిగా అడిగింది.

మొదటి ఇరవై రోజులు చూడటానికి కళ్ళు చాలలేదు. మోకాలెత్తు గడ్డిలో గుర్రాల మందలు, ఎర్రటి లోయలు, తలెత్తితే మంచు. ఇరవై రెండో రోజు ఒక కనుమ దాటి దిగేసరికి నది అడ్డం వచ్చింది. మ్యాపులో అది సన్నటి గీత. ఎదుట మాత్రం బూడిద రంగు నీళ్ళు, అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. అప్పటికి సాయంత్రం నాలుగు దాటింది.

"ఇప్పుడొద్దు," అంది మహదేవపూర్. "ఎండకు మంచు కరిగి గిట్లొస్తున్నయ్ నీళ్ళు. చలికి తగ్గుతయ్. తెల్లారి దాటుదాం."

"నిన్న గూడ గట్లనే అంటివి, ఒక దినం పాయె," అంది మరిపెడ. "ఎంతున్నదే గిది? జనగామా, నువ్వేమంటవ్?"

నాకు భయంగానే ఉంది. కానీ ప్రతిసారీ మహదేవపూర్ మాటే చెల్లుతోందని రెండు రోజులుగా లోపల చిరాకు. "నువ్వు ముందు నడువు, నీ ఎనకనే వస్త," అన్నాను.

మరిపెడ సంచికున్న నడుము పట్టీ వదులు చేసుకుని, చేతికర్ర ఆనించుకుంటూ దిగింది. వెనకే నేనూ దిగాను. మోకాలి లోతు వచ్చేసరికి చలికి కాళ్ళు నావి కానట్టయ్యాయి. పాదం కింద రాయి కదిలింది. ఇంకో అడుగు పడలేదు. వెనక్కి తిరిగాను. గట్టు మీద నుంచి మహదేవపూర్ చెయ్యి చాపింది. పట్టుకుని ఎక్కాను.

చూస్తే మరిపెడ నది నడుమ, నడుము లోతులో ఉంది. అక్కడే జారింది. తల మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. కొంత దూరం కొట్టుకుపోయి ఒక బండను వాటేసుకుంది. ఎంతసేపటికో ఆమె అవతలి గట్టెక్కి బోర్లా పడింది. తర్వాత లేచి కూర్చుని, నా కోసం వెనక్కి చూసింది.

గుడారం నా సంచిలో ఉంది. తిండి, పొయ్యి ఆమె తడిసిన సంచిలో ఉన్నాయి. నీళ్ళ హోరులో మాట అందదు. మహదేవపూర్ గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ సైగలు చేసింది: కూర్చోకు, నడువు, లోయ కింద పొగ కనిపిస్తోంది, అటు పో. మరిపెడ అర్థం కానట్టు చాలాసేపు నిలబడింది. చివరికి వణుకుతూ కదిలింది. ఒక మలుపు దగ్గర కనుమరుగైంది.

"నన్ను తిట్టు," అన్నాను గుడారంలో.

"ముందు దాన్ని సూడనీ," అంది మహదేవపూర్.

తెల్లారేసరికి అదే నది పిక్కల లోతుకు దిగిపోయింది. చేతులు పట్టుకుని దాటేశాం. దారిలో మరిపెడ తడి మేజోడు ఒకటి కనబడితే తీసి జేబులో పెట్టుకున్నాను. మలుపు దాటాక గొర్రెల కాపరుల ఉన్ని గుడారం. లోపల పొయ్యి పక్కన, గొర్రె తోలు కింద మరిపెడ ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. ఆ ఇంటావిడ ఆమెకు వేడి పాలు తాగిస్తోంది.

మరిపెడ నన్నే చూసింది. "ఎనకనే వస్త అంటివి."

"వచ్చిన," అన్నాను, మహదేవపూర్‌ను చూపిస్తూ. "ఇదే నన్ను పట్టి గుంజింది."

ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. థర్మామీటరు తీస్తున్న మహదేవపూర్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతే. దాన్ని మరిపెడ నాలుక కింద పెట్టింది.

జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. మిగిలిన ప్రయాణమంతా మరిపెడ మహదేవపూర్‌తో ముఖం చూసి మాట్లాడలేదు. "నీ పిరికితనానికి నేను సచ్చేదాన్ని," అని ఒకసారి నా ముందే అంది. అద్దం లాంటి సరస్సు దగ్గర తీసుకున్న ఫోటోల్లో వాళ్ళిద్దరూ చెరో పక్కన, మధ్యలో నేను నవ్వుతూ ఉంటాను. ఆ ఫోటోలు ఎవరికీ చూపించను.

సికింద్రాబాద్‌లో రైలెక్కాక, ముందు దిగాల్సింది నేనే. భువనగిరి దాటింది. ఆలేరు దాటింది. అక్కడ చెప్పేశాను.

"అది గుంజలే. నేనే భయపడి మర్లిన."

మరిపెడ మహదేవపూర్ వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు చెప్పకపోతివే?"

"పరాయి దేశంల మనం ముగ్గురమే," అంది మహదేవపూర్ కిటికీలోంచి చూస్తూ. "నా మీద ముందే కోపమున్నది నీకు. దీని మీద గూడ వస్తే నీకెవలుంటరు?"

జనగామలో బండి ఆగింది. మరిపెడ లేవలేదు. మహదేవపూరే నా సంచి కిందికి అందించింది.

రెండు నెలలు మరిపెడ ఫోన్ ఎత్తలేదు. బతుకమ్మ సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం, బడిలో ఉండగా తనే చేసింది. పలకరింపు లేదు.

"ఎంత లోతు దాక వచ్చినవ్?"

"మోకాళ్ళ లోతే."

దుకాణంలో ఎవరో విత్తనాల రకం అడగడం, ఆమె జవాబు చెప్పడం వినిపించింది.

"ఆదివారం భూపాలపల్లి పోతున్న, దాని దగ్గరికి," అంది మళ్ళీ. "నువ్వు వస్తె రా. నా పక్క సీట్ల మాత్రం కూసోకు."

వెళ్ళాను. హనుమకొండలో ఎక్కిన బస్సులో ఆమె వెనక సీట్లో కూర్చున్నాను.