మల్లీశ్వరి గొంతు

మల్లీశ్వరి ఇప్పుడు కల్వకుర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. ముప్పై ఏళ్ల మనిషి. మైకు లేకుండానే చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. ఒకప్పుడు ఈమె నెలల తరబడి పదిమందిలో నోరు విప్పలేకపోయిందంటే ఆమె విద్యార్థులెవరూ నమ్మరు.

ఆమె సొంతూరు కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డు పల్లె. తండ్రి పర్వతాలు గొర్రెల కాపరి. ఎండాకాలం వస్తే మందను తోలుకొని నల్లమల అంచుకు పోయేవాడు. తల్లి సత్తమ్మ ఇంటి దగ్గర పిల్లలను, ఎకరం చెల్క నేలను చూసుకునేది. తెలంగాణ వచ్చిన మూడేళ్లకు మల్లీశ్వరికి ఎం.ఏ. తెలుగులో సీటు వచ్చింది. ఊరికి దూరంగా, రాళ్లగుట్టల నడుమ కట్టిన పీజీ సెంటర్ అది. రెండు హాస్టళ్లు, ఒక హాలు, బస్సు ఆగే చోట ఒక చాయ్ హోటల్. ఆ సెంటర్ పేరు ఈ కథకు అక్కర లేదు.

సీటు వచ్చిన కొత్తలోనే పర్వతాలు బిడ్డను చూడటానికి వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో జొన్నరొట్టెల మూట. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. పర్వతాలు చెప్పులు విడిచి పక్కన పెట్టి, చేతులు జోడించి, "సారూ, మా బిడ్డ ఈడ్నే సదువుతది, జర పిలువుండ్రి" అన్నాడు. ఆ పక్కన బండరాయి మీద కొందరు అబ్బాయిలు కూర్చొని ఉన్నారు. వాళ్లలో రెండో సంవత్సరం చదివే సైదులు ఒకడు. హాలియా వైపు వరి పండించే ఇంటి పిల్లవాడు. ఎవరి గొంతునైనా ఇట్టే దించేస్తాడని సెంటర్ అంతా పేరు.

తరువాతి వారం కొత్తవాళ్ల స్వాగత సభ జరిగింది. పాటలు, డాన్సులు అయ్యాక సైదులు స్టేజీ మీదికి వచ్చాడు. భుజాన దుప్పటి, చేతిలో కట్టె. హాలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. మల్లీశ్వరి కూడా నవ్వింది. సైదులు స్టేజీ అంచుకు వచ్చి, చెప్పులు విడిచి, వాటిని పక్కన సర్ది, చేతులు జోడించాడు.

"సారూ, మా బిడ్డకు సీటిచ్చిండ్రు. సర్కారు గొర్లను సుత ఇచ్చింది. జర గీ గొర్రెకు సుత ఒక సీటియ్యుండ్రి. ఇద్దరు ఒక్క బెంచిల కూసుంటరు."

సర్కారు గొల్లకురుమలకు గొర్రెలు పంచడం మొదలుపెట్టిన ఏడాది అది. హాలు పగలబడి నవ్వింది. మల్లీశ్వరి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. చెప్పులు విడిచిన తీరు, వంగిన మెడ, 'జర' అనేటప్పుడు సాగిన గొంతు, అన్నీ తన తండ్రివే. పక్కనున్న అమ్మాయి ఆమె వైపు తిరిగి చూసింది. ఆ తరువాత వెనక వరుస, ఆపైన ఇంకో వరుస. అందరికీ తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది.

మరునాడు క్లాసులో హాజరు పిలిచారు. "మల్లీశ్వరి" అనగానే, ఆమె 'ప్రెజెంట్ సార్' అనేలోపు వెనక నుంచి "మ్యే" అని సన్నగా వినిపించింది. సారు తల ఎత్తకుండానే తరువాతి పేరు పిలిచారు.

అది రోజూ జరిగింది. ఎవరు అంటున్నారో తెలిసేది కాదు. ఒకరోజు ఎడమ వైపు నుంచి, ఒకరోజు కిటికీ పక్క నుంచి. కొన్నాళ్లకు అరుపు లేని రోజు కూడా ఆమెకు భయమే అయింది. తన పేరు దగ్గర పడుతున్నకొద్దీ నాలుక అంగిటికి అతుక్కుపోయేది. మెస్సులో కంచం పట్టుకొని నిలబడితే వెనక ఎవరు నవ్వినా తనను చూసే అనిపించేది. పాఠంలో ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా తల దించుకునేది. ఇంటి నుంచి ఫోన్ వస్తే, "నాయిన, ఇప్పుడప్పుడే రాకు. పరీక్షలున్నయి" అని అబద్ధం చెప్పింది. ఫోన్ పెట్టేశాక, తండ్రిని రావద్దన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి ఒక మధ్యాహ్నం హాస్టల్ వార్డెన్ నిర్మలమ్మ గదికి వెళ్లింది. నిర్మలమ్మ చరిత్ర చెప్పే లెక్చరర్.

"మేడం, నాతోని కాదు. నేను ఇంటికి పోత" అని ఏడ్చింది.

నిర్మలమ్మ అంతా విని, "నువ్వెందుకు పోతవ్? నీకేం కావాల్నో చెప్పు" అంది.

"గా సైదులు నా ముంగట నిలబడి, నేను చెప్పేది వినాలె మేడం. అందరు వినాలె. గంతే."

నిర్మలమ్మ ఆ మాటను ప్రిన్సిపాల్‌కు చేరవేసింది. అక్కడే దారి తప్పింది. ప్రిన్సిపాల్ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు. సైదులును సస్పెండ్ చేసి, హాస్టల్ గది ఖాళీ చేయించాడు. అంతటితో ఆగలేదు. 'విద్యార్థుల మనసులు గాయపడకుండా' ఇక మీదట సెంటర్‌లో సభలు, నాటికలు, చర్చలు, గోడ పత్రికలు ఏవీ ఉండవని నోటీసు బోర్డులో ఆర్డరు పెట్టించాడు. నలుగురు ఒకచోట చేరాలన్నా రాసి ఇచ్చి అనుమతి తీసుకోవాలి. లెక్చరర్ల ఖాళీల గురించి, మెస్సు అన్నం గురించి విద్యార్థులు మీటింగులు పెడుతున్నారని ఆయనకు మొదటి నుంచీ గుర్రుగా ఉంది. ఇప్పుడు మంచి సాకు దొరికింది.

అరుపులు ఆగాయి. వాటితో పాటు మాటలూ ఆగాయి. మల్లీశ్వరి బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. మెస్సులో ఆమె కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది. "జాగ్రత్త, మనసు గాయపడ్తది" అని ఒకరు మెల్లగా అంటే, ఇంకొకరు నోటి మీద వేలు పెట్టుకునేవారు. ఎవరివో తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చేవి. ఎత్తితే అవతల ఊపిరి మాత్రమే వినిపించేది. ఆమె నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూడటం అలవాటు చేసుకుంది.

ఇంటర్నల్ పరీక్ష రోజు పొద్దున గది తలుపు తీయబోతే రాలేదు. బయట గొళ్లెం పెట్టి ఉంది. గదిలో ఉండే ఇంకో అమ్మాయి ముందే వెళ్లిపోయింది. మల్లీశ్వరి తలుపు బాదింది. వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్లీ కదిలిపోయింది. ఎవరో విని కూడా వెళ్లిపోయారు. అప్పుడు ఆమెకు పుట్టిన భయం అంతకుముందు ఎరగనిది. నవ్వేవాళ్లకు తను కనిపిస్తుంది. వీళ్లకు తను ఉన్నట్టే లెక్క లేదు. అరచేతులు వాచేదాకా బాదుతూనే ఉంది. ఊడ్చడానికి వచ్చిన పుష్పమ్మ గొళ్లెం తీసి, ఆమె ముఖం చూసి కొంగుతో చెమట తుడిచింది.

"ఎవరు పెట్టిండ్రో ఏమో బిడ్డ. నేను తీసిన్నని ఎవ్వలకు చెప్పకు" అని గబగబా వెళ్లిపోయింది.

ఆ వారమే మల్లీశ్వరి ఇంటికి పోయింది. పర్వతాలు తన మందను పంట తీసిన వేరుశనగ చేలో మేపుతున్నాడు. తండ్రి పక్కన గట్టు మీద కూర్చొని జరిగిందంతా చెప్పింది, చెప్పుల సంగతితో సహా. 

"నా లెక్కనే చేసిండా?" అని అడిగాడు.

"ఆ."

"అందరు నవ్విండ్రా?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. పర్వతాలు కట్టెతో మట్టి మీద గీతలు గీస్తూ, "నేను రాకుంటే అయిపోవు. ఇంగ రాను తియ్యి" అన్నాడు. మళ్లీ, "నువ్వు సదువు ఇడిసిపెట్టకు. గని నోరు తెరవకు. పెద్దోళ్లు గాళ్లు. మనం ఒక్కలం. మాట్లాడితె ఏం జేస్తరో ఏమో" అన్నాడు. అడవిలో చిరుతలు తిరిగే చోట ఒంటరిగా పడుకునే మనిషి. ఆయన గొంతులో అంత బెదురు ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ బెదురు తన వల్లే వచ్చిందనిపించింది.

తిరిగి వచ్చేసరికి అమ్మాయిల హాస్టల్‌లో పచ్చకామెర్లు మొదలయ్యాయి. నీళ్ల ట్యాంకులో మురుగు కలుస్తోందని అందరికీ అనుమానం. స్నేహలత అనే సీనియర్ మంచం పట్టింది, దవాఖానకు తీసుకుపోయారు. అమ్మాయిలు ఆఫీసు ముందు కూర్చోవాలనుకున్నారు. ప్రిన్సిపాల్ ఆర్డరు చూపించి, "మీలో ఒకమ్మాయి కోసమే పెట్టిన రూలు ఇది. వెళ్లి ఆమెనే అడగండి" అన్నాడు.

వాళ్లు నిజంగానే వచ్చి అడిగారు. గది నిండా నిలబడ్డారు. "స్నేహలతక్కకు ఏమన్న అయితె నీదే పాపం" అంది ఒకమ్మాయి. మల్లీశ్వరి గోడకు ఆనుకొని విన్నది. తను అడిగింది వినమని. ప్రిన్సిపాల్ చేసింది అందరి నోళ్లకు తాళం వేయడం. ఆ తాళానికి తన పేరు పెట్టాడు.

ఆ సాయంత్రం బస్సు ఆగే చోట చాయ్ హోటల్‌లో సైదులు కనిపించాడు. సస్పెన్షన్ సంగతి తండ్రి లింగయ్యకు చెప్పలేక, దగ్గరి ఊళ్లో స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. బక్కచిక్కిపోయాడు. ఆమెను చూసి లేచి వెళ్లబోయాడు.

"ఆగు" అంది మల్లీశ్వరి.

"ఇంకేం మిగిలింది? నవ్విద్దామని చేసిన. నీకు తప్పనిపిస్తె నాకు ఒక్క మాట చెప్తె అయిపోవు గదా. మా నాయినకు తెలిస్తె నన్ను ఇంట్లకు రానియ్యడు."

"చెప్పేటట్టు ఉంచినవా? నేను నోరు తెరిస్తె మ్యే అన్నరు."

"అది నేను అనలే."

"నువ్వు ఆపలే."

సైదులు తల దించుకున్నాడు.

"రేపు పొద్దుగాల నేను ఆఫీసు ముంగట మాట్లాడ్త" అంది ఆమె. అలా అంటానని ఆ క్షణం దాకా ఆమెకే తెలియదు. "నీకు వినబుద్ధయితె గేటు బయట నిలబడి విను."

మరునాడు క్లాసులకు ముందు మల్లీశ్వరి ఆఫీసు వరండా మెట్టు మీద నిలబడింది. స్తంభం పట్టుకుంది. పోయేవాళ్లు వింతగా చూసి ఆగారు. గుంపు పెరిగింది. ఆమె నోరు తెరిచింది, గాలి తప్ప మాట రాలేదు. గుంపులోంచి ఎవరో "మ్యే" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె దిగి పారిపోదామని ఒక కాలు కింది మెట్టు మీద పెట్టింది, కానీ అక్కడే ఆగింది.

"గా రోజు సైదులు దించింది మా నాయినను" అంది. గొంతు పిల్లికూన అరుపులా వచ్చింది. "గేటు కాడ చెప్పులు ఇడిసిండు. ఎందుకంటె ఇది గుడి లెక్క అనుకున్నడు. నవ్వుతె నవ్వుండ్రి. గని నా మాట ఇని నవ్వుండ్రి."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది. "నాకు మస్తు నొప్పయింది. ఇప్పటికీ ఉన్నది. గని సైదులును మాట్లాడనియ్యొద్దని నేను అనలే. మిమ్ముల నోరు మూసుకోమని అనలే. నేను సుత మాట్లాడ్త అన్న. గా ఆర్డర్ల నా పేరు పెట్టొద్దు. ట్యాంకు నీళ్ల గురించి అడుగుడు తప్పయితె, గా తప్పు అందరికంటె ముందు నేనే చేస్తున్న."

అటెండరు పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మొదట ఎవరూ కదల్లేదు. తరువాత, ముందు రోజు పాపం నీదేనన్న అమ్మాయి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకరు. గేటు బయట సైదులు నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

అదేమంత పెద్ద గెలుపు కాలేదు. ట్యాంకు కడిగించారు, పైపు మార్చారు. స్నేహలత కోలుకుంది. మల్లీశ్వరికి మాత్రం మెమో ఇచ్చి, హాల్‌టికెట్ ఆపారు. నిర్మలమ్మ ఆఫీసు చుట్టూ తిరిగి, పైవాళ్లతో మాట్లాడి, పరీక్ష ముందురోజు ఇప్పించింది. సైదులును మళ్లీ చేర్చుకున్నారు గానీ అతనికి ఒక సెమిస్టర్ పోయింది. ఒకసారి లైబ్రరీ దగ్గర ఎదురుపడి, "మీ నాయినకు చెప్పు, తప్పయిందని" అన్నాడు. "నువ్వే చెప్పు" అంది ఆమె. అతను చెప్పలేదు. వాళ్లిద్దరూ స్నేహితులు కాలేదు. పర్వతాలు మళ్లీ ఎన్నడూ ఆ సెంటర్‌కు రాలేదు, బిడ్డ పట్టా తీసుకున్న రోజు కూడా. ఆ ఆర్డరును ఎవరూ రద్దు చేయలేదు. ఆ ప్రిన్సిపాల్ బదిలీ అయ్యాక మెల్లగా మరిచిపోయారు.

మొన్నటి ఏడు కల్వకుర్తి కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. సుచరిత అనే విద్యార్థిని, ఊరి దేవతకు గొర్రెలను బలి ఇవ్వడం అనాగరికమని మాట్లాడతానంది. గొల్లకురుమల పిల్లలు కొందరు మల్లీశ్వరి దగ్గరికి వచ్చారు.

"మేడం, ఆమె మనల తిడ్తది. మీరే ఆపుండ్రి. మీరు మనోళ్లే గదా."

ఆమెకూ ఆ మాటలు వినాలని లేదు. హాల్లో గొడవ అయితే అన్న భయం ఒకటి, ఆ పిల్ల మాటలకు ఈ గొల్లకురుమల పిల్లలు ముడుచుకుపోతారేమోనన్న భయం ఇంకొకటి.

"ఆమె చెప్పినంక మీల ఒకలు మాట్లాడుండ్రి. గంతే సమయం మీకు సుత ఇస్త" అంది. "నడుమ ఎవ్వలు లొల్లి చేసినా ఊకోను. మీరైనా సరే, ఆమె దోస్తులైనా సరే."

పోటీ రోజు సుచరిత పేరు పిలిచారు. మల్లీశ్వరి లేచి స్టేజీ పక్కన, అందరికీ కనిపించేలా నిలబడింది. సుచరిత మైకు పట్టుకొని ఒకసారి ఆమె వైపు చూసింది. మల్లీశ్వరి తల ఊపింది.