ఆకులు రాలే ఉగాది

నిన్న సాయంత్రం మా తెలుగు సంఘం అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, ఈసారి కూడా ఉగాది కవిత మీదే, కోయిల మాత్రం ఉండాలండీ, అందరికీ అదే ఇష్టం" అంటే, సరేనమ్మా అని పెట్టేశాను గానీ, ఆ తర్వాత ఒళ్లంతా నీరసం కమ్మింది.

మనలో చాలామందికి కుర్రతనంలో ఈ కవిత్వపు జబ్బు సోకే ఉంటుంది. మా ఊరి కాలవ గట్టున భుజాన శాలువాతో తిరుగుతూ, సరస్వతీదేవి ఇంకెవరూ దొరకనట్టు నా నాలుక మీదే బీజాక్షరాలు రాసిందని నేను నిజంగానే నమ్మాను. కవిగారికి అన్నం కూడా పద్యంలోనే వడ్డించండని మా మేనమామ ఎగతాళి చేసినా, లోకం నా పాట కోసమే కాచుకుని ఉందన్న ధీమా చెక్కుచెదరలేదు. ఆ ధీమాతోనే సముద్రాలు దాటి టౌరంగా వచ్చి, కివీపళ్ల షెడ్డులో పళ్లు ఏరుతూ కూడా లోలోపల పద్యాలు అల్లుకునేవాణ్ణి.

అక్కణ్ణుంచి జాన్సన్‌విల్‌కి మారాక, మొదటి ఉగాదికి సంఘం సభలో మామిడి పూత, కోయిల, మలయమారుతం అన్నీ కలిపి చదివాను. బయట చలిగాలికి హాలు కిటికీలు దడదడలాడుతుంటే లోపల పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. భూగోళానికి ఈ దక్షిణపు కొసన రుతువులు తలకిందులై, ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుందన్న సంగతి నాతో సహా ఎవరికీ పట్టలేదు. ఇంటికొస్తుంటే మా అమ్మాయి, ఆ కోయిల కూత తనెప్పుడూ వినలేదే అంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరుసటి ఏడు మా పెరట్లో పండి రాలుతున్న ఆకుల మీద, కంచె మీద వాలి కూసే టూయీ పిట్ట మీద రాశాను. అంత నిజమైన కవిత నా నోట ఎన్నడూ పలకలేదు. చప్పట్లు మొక్కుబడిగా వినిపించాయి. పండగ పూట ఈ అపశకునం ఏమిటని ఓ పెద్దావిడ నొచ్చుకున్నారు. మా అమ్మాయి మాత్రం, సగమే అర్థమైనా, కారులో మళ్లీ చదివించుకుని, "నాన్నా, ఇది మన బ్యాక్‌యార్డే కదా" అంది.

ఆ పై ఏటి నుంచి మళ్లీ కోయిలే. కవి పాడితే లోకం వింటుందనుకునేవాణ్ణి. లోకం తను వినదలచిందే కవి చేత పాడించుకుంటుందని తర్వాత తెలిసింది. వాళ్ల తప్పేం లేదు, ఊరు గుర్తొచ్చి ఏడవడానికి ఏడాదికో పూట వాళ్లకీ కావాలి. కోయిల పద్యాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఈ ఉదయం మాత్రం కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుని, ఆ పెరటి కవిత లాంటిది ఒక్క పాదమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు.