క్యాలెండర్ గళ్లలో బీపీ

రైల్లో ఎదురైన ఒక పెద్దావిడకు బీపీ మాత్ర మోతాదు ఎక్కువైందని నాకు అప్పుడే అర్థమైంది. చెప్పలేదు.

కిరండూల్ రైలు జగదల్‌పూర్ దాటాక మాటలు కలిశాయి. రైల్వే క్వార్టర్లలో ఉంటుందట, విజయనగరం యాస. తను చూపించుకునే రైల్వే ఆస్పత్రిలోనే నేను నర్సునని తెలిశాక సంచిలోంచి చర్చి క్యాలెండర్ కాగితం తీసింది. ప్రతి తేదీ గడిలోనూ ఇంట్లో చూసుకున్న బీపీ రాసి ఉంది. ఉదయం అంకెలన్నీ బాగా తక్కువ.

"మాత్ర పెంచినకాడ్నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి బాబూ. ఇది డాట్రుకి సూపించమంటారా?"

"అక్కర్లేదమ్మా. ఇంటి మిషన్లను నమ్మకూడదు. కొలవడం మా పని."

"అంటే మీరు సూస్తే ఒప్పు, నాను సూస్తే తప్పూనా?" అని నవ్వి కాగితం మడిచేసింది.

మా ఆస్పత్రిలో మెట్లెక్కి వచ్చినవాళ్లను కాసేపైనా కూర్చోబెట్టకుండా, లైన్లోనే బీపీ చూసేవాళ్లం. ఆయాసం వల్ల ఎక్కువగా వచ్చే ఆ అంకెను బట్టే డాక్టరు మాత్ర పెంచేవారు. రోగులు తామే కొలుచుకుంటే ఇక మా మాట ఎవరు వింటారని మాలో చాలామందిమి అనుకునేవాళ్లం.

నెల తర్వాత ఆమె మా వార్డులోనే చేరింది. పొద్దున్నే కళ్లు తిరిగి పడిపోయిందట, చేతికి పిండికట్టు.

"డాట్రుకి సూపించనేదు బాబూ. మీరొద్దన్నారు గదా," అంది, మామూలుగానే.

మంచం పక్కన కూర్చున్నాను. "మేం కొలిచిందే తప్పమ్మా. అది తెలిసి కూడా మీ నోరు మూయించాను. నన్ను క్షమించండి," అన్నాను.