బొట్టు పెట్టిన పలక

తిరుపతిలో నేను ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్ చేసిన ఆసుపత్రిలో నడకను కొలిచే గది ఒకటి ఉంది. గోడలకు కెమెరాలు, మధ్యలో పొడవాటి బాట. ఆ బాట నడుమ నేలకు సమంగా బిగించిన ఇనప పలక. మనిషి దాని మీద అడుగు వేస్తే, ఆ కాలు నేలను ఎంత బలంగా నొక్కిందో కంప్యూటర్ తెర మీద గీతగా కనిపిస్తుంది. మామూలు అడుగైతే ఆ గీత రెండు మూపురాలుగా లేస్తుంది. మడమ ఆని బరువంతా కాలి మీదికి వచ్చినప్పుడు ఒకటి, మునివేళ్లతో నేలను వెనక్కి తన్నినప్పుడు ఇంకొకటి. నొప్పి ఉన్న కాలు అలా గీయదు. భయంగా ఆని, తొందరగా లేచిపోతుంది.

పలక గురించి రోగికి ముందుగా చెప్పకూడదు. అది ఆ గది నియమం. చెబితే దాన్ని చూసుకుంటూ అడుగు సర్దుకుంటారు. అప్పుడు మేం కొలిచేది వాళ్ల నడకను కాదు, వాళ్ల జాగ్రత్తను.

నా పని రోగి ఒంటికి మెరిసే చిన్న బంతులు అంటించడం. తుంటి, మోకాలు, చీలమండ, మడమ. ఎముక ఎక్కడుందో వేలితో వెతికి సరిగ్గా అక్కడ అంటించాలి. కెమెరాలు ఆ బంతులనే చూస్తాయి, తెర మీద చుక్కల మనిషి నడుస్తాడు. ఈ పని నాకు ఇష్టంగా ఉండేది. అంతా వేళ్లతోనే, నోటితో పని లేదు. డైరీలో పేజీలకు పేజీలు నింపే నేను, కొత్తవాళ్లతో "కూర్చోండమ్మా" అనడానికి ముందు గొంతు సవరించుకునేదాన్ని. బస్టాండులో కూడా మొహాలు చూడలేక కాళ్లు చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోయిన మరుసటి రోజు నగరి నుంచి ఒకామె వచ్చింది. పవర్‌లూమ్ షెడ్డులో నాలుగు మగ్గాలు చూసుకునే మనిషి. షెడ్డులో జారిపడి ఎడమ తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పింది. చేతికర్ర వదిలి మగ్గాల దగ్గరికి పోవచ్చా లేదా అన్నది మాత్రం మా డాక్టర్ మేడం ఈ పరీక్ష చూసి చెప్పాలి. ఆలస్యమైతే ఆమె చోట ఇంకొకరిని పెట్టుకుంటానని షెడ్డు ఓనరు చెప్పేశాడట. కూర్చున్నప్పటి నుంచీ ఆమె అదే మాట.

బంతులు అంటించాలంటే చీర పనికిరాదు. మేమిచ్చిన బిగుతు ప్యాంటు వేసుకుని ఆమె తలుపు చాటునే నిలబడిపోయింది.

"మా ఇంటాయన సూస్తే నన్ను ఇంట్లోకి రానీడు పాపా" అంది.

నేను నవ్వి ఆమెను లోపలికి తీసుకొచ్చాను. బంతులు అంటించాక, కర్ర పక్కన పెట్టి బాట ఈ కొస నుంచి ఆ కొసకు మామూలుగా నడవమన్నాం. నడిచింది. తెర మీద గీత కదల్లేదు. మళ్లీ నడిపించాం. అదే వరస. పలక దగ్గరికి రాగానే ఎడమ కాలు ఎత్తుగా లేచి, అంత దూరంలో పడుతోంది.

"మిషన్ సరిగ్గానే ఉండాది మేడం" అన్నాడు టెక్నీషియన్ అన్న. పలక పక్కన గొంతుక్కూర్చుని అరచేత్తో నొక్కి చూపించాడు. గీత లేచింది.

మేడం చుక్కల మనిషి వైపు చూసి తల ఊపింది. "ఆపరేషన్ కాలు కింద పెట్టడానికే భయపడుతోంది. ఎంత ఎత్తి పెడుతోందో చూడండి. ఇంకో మూడు నెలలు కర్రతోనే ఉండాలి."

"మూడు నెల్లా?" అంది ఆమె. మళ్లీ ఒకసారి చూద్దామని మేడం అంటే, వెనక్కి తిరిగి నడిచింది.

నేను కాళ్లే చూస్తున్నాను. పలకకు ఒక అడుగు ముందు ఆమె చేయి తుంటి దగ్గరికి వెళ్లి, లేని చీర కుచ్చిళ్లను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. దాటాక వదిలేసింది. మా అమ్మ గడప దాటేది అచ్చంగా అలాగే. అప్పుడు పలకను చూశాను. నాలుగు మూలలా పసుపు, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు. ఆయుధ పూజ నాడు అన్న కంప్యూటరుకు, కెమెరాలకు పెట్టినట్టే దానికీ పెట్టాడు. గది తుడిచే అక్క బొట్టు చెరిపితే తప్పని చుట్టూ తుడిచి పోయింది.

"మేడం, ఆమె బొట్టును దాటుతోంది" అన్నాను.

"ఏంటి?"

ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. అన్న నాలుక కరుచుకున్నాడు. మేడం ఆమెను అడిగింది.

"మరి తొక్కమంటారా?" అంది ఆమె, తప్పంతా మాదే అన్నట్టు. "పూజ చేసినదాన్ని కాలితో తొక్కేదెట్ల? మా షెడ్డులో మగ్గానికి కాలు తగిలితేనే కండ్లకద్దుకుంటాము."

"తుడిచెయ్" అంది మేడం అన్నతో.

"పెట్టిన చేత్తో తుడిచేదెట్ల మేడం? ఇంకెవురికన్నా చెప్పండి."

అందుకే కదా అరచేత్తో నొక్కావు అన్నట్టు మేడం అతని వైపు చూసింది. నేను తడి దూది తెచ్చి, పలకను తాకి కళ్లకద్దుకుని, బొట్టు తుడిచాను.

కానీ ఇప్పుడు ఆమెకు పలక సంగతి తెలిసిపోయింది. ఈసారి దాని ముందు ఆగి, కొలత చూసుకుని, ఎడమ కాలితో ధన్‌మని తొక్కింది. తెర మీద ఒకటే పెద్ద గుట్ట.

"ఇది నడక కాదక్కా" అన్నాడు అన్న. "తేలును తొక్కినట్టుండాది."

"ఆ సంగతి మరిచిపోయేలా ఎవరైనా మాట్లాడిస్తూ ఉండండి" అంది మేడం. మేడం తెర వదలకూడదు. అన్న కంప్యూటర్ వదలకూడదు. మిగిలింది నేను.

బాట చివర నిలబడి ఏదో అడిగాను. ఏం అడిగానో నాకే వినిపించలేదు.

"గట్టిగా చెప్పు పాపా. మగ్గాల సద్దులో అరిగిపోయిన చెవులివి."

"మగ్గాల దగ్గర ఎట్లా నడుస్తారు?" అని అరిచాను. నా గొంతు గోడకు తగిలి తిరిగొచ్చింది.

"నడిచేదేముండాది. ఈ పక్క రెండు, ఆ పక్క రెండు, నడాన సందు. ఈడ పోగు తెగితే అతికేలోపల ఆడ కండెలో నూలు అయిపోతాది." చెబుతూ నా వైపు వస్తోంది. చేతులు పోగు ముడి వేస్తున్నాయి. కళ్లు నా మీదే.

"ఏ మగ్గం ఆగిందో ఎట్లా తెలుస్తుంది?"

"బిడ్డ ఏడ్చేది ఆపితే తల్లికి తెలీదా?" చివరిదాకా వచ్చి వెనక్కి మళ్లింది. సగం దూరం పోయి, తల తిప్పకుండానే, "నీకు పెండ్లయిందా?" అంది.

"లేదు" అని అరిచాను.

"అంత గట్టిగా చెప్పద్దు. బయట సంబంధాలు సూసేటోళ్లుంటే లేసి వస్తారు."

అన్న భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తలుపు బయట వరసలో కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. నేను మాత్రం ఆపలేదు. ఏం నేస్తారు, ఏ పూట పని, మధ్యాహ్నం ఏం తింటారు అని అడుగుతూనే ఉన్నాను. ఆమె చెబుతూ, నడుస్తూనే ఉంది.

"అడుగు సరిగ్గా పడింది" అన్నాడు అన్న.

తెర మీద గీతకు రెండు మూపురాలు ఉన్నాయి. రెండోది పొట్టి. మునివేళ్లు ఇంకా గట్టిగా తన్నడం లేదు. కానీ కాలు పూర్తిగా ఆనింది, పారిపోలేదు. ఇంకొన్నిసార్లు నడిపించి, కుడికాలి గీత పక్కన పెట్టి మేడం చాలాసేపు చూసింది.

"కర్ర వదిలెయ్యండి. ఒక్క పూట పని, రెండు మగ్గాలు. నెల తర్వాత మళ్లీ రావాలి."

"మూడు సూసుకుంటా మేడం. మూడోది పక్కనే ఉంటాది."

"రెండే."

ఆమె ఇంక బేరం ఆడలేదు. ఒంటి మీది బంతులు నేను పీకుతూ ఉండగానే ఫోన్ తీసి, షెడ్డులో మాట్లాడే గొంతుతోనే ఓనరుకు చెప్పింది. "అన్నా, నేనే. సోమవారం వస్తా ఉండా. రెండు మగ్గాలు నాకు పెట్టి పెట్టు... లేదన్నా, కర్ర లేదు. మిషన్లోనే సూసినారు. ఈడొక పాప అరుస్తానే ఉండె, నేను నడుస్తానే ఉంటి... మిగతా రెండూ ఎవురికన్నా ఇచ్చుకో. నెల దాకానే, చెప్తా ఉండా."