లాతీర్ చేతిలో తుమ్మెద

తెల్లవారగానే లాతీర్ ఫాయ్ ముఖం కూడా కడుక్కోకుండా ఎడమ చెయ్యి మడిచి, మోచేతి పైన దండను చెవికి ఆనించుకుంటాడు. లోపల తుమ్మెద ఝుమ్మంటూ ఉంటుంది. అది వినిపించిందంటే ఆ రోజు అతనిదే.

డయాలసిస్ కోసం డాక్టర్లు అక్కడ ఒక ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ఆ కుట్టు దగ్గర రక్తం ఉరవడికి పుట్టే చప్పుడే ఆ తుమ్మెద. వారానికి మూడుసార్లు రెండు లావుపాటి సూదులు అందులోకి దిగుతాయి. కావోలాక్ పట్నం నూనెమిల్లులో ముప్ఫై ఏళ్లు వేరుశనగ బస్తాలు కుట్టినవాడు కాబట్టి, బస్తాల ఉసురు తగిలిందని నవ్వుతాడు.

అంతకుముందు అదే చేతి మణికట్టు దగ్గర ఒక తుమ్మెద ఉండేది. దాన్ని అతనే చంపుకున్నాడు. ఎండలకు ఆగలేక గోంగూరపూల షర్బత్ బిస్సాప్ గ్లాసు మీద గ్లాసు తాగి, ఒంట్లో నాలుగు కిలోల నీటితో ఆస్పత్రికి వెళ్లాడు. యంత్రం ఆ నీరంతా లాగేసరికి రక్తపోటు పడిపోయింది. ఇంటికొచ్చి ఆ చేతినే తలగడ చేసుకుని నిద్రపోయాడు. లేచేసరికి రక్తం గడ్డకట్టి, నరం తాడులా బిగుసుకుపోయింది. కుడిచేతి నరాలు పాత జ్వరాల సెలైన్లకే పాడయ్యాయి. మిగిలింది ఈ ఒక్కటే. ఇదీ పోతే మెడలో గొట్టమే.

ఏమేం చెయ్యకూడదో రాసిన కాగితం ఆస్పత్రి గోడకు ఉంది, ఫ్రెంచిలో. రాసినవాళ్లు తప్ప ఎవరూ చదవరు. అందుకే నర్సు పెందా బా నోటితో చెబుతుంది. ఆ చేతికి గడియారం వద్దు, బరువు వద్దు, బీపీ పట్టీ వద్దు, సూది తీశాక మరీ గట్టిగా అదమొద్దు. ఆమె ఆవులు మేపే ఫులానీ, అతను సజ్జలు పండించే సెరేర్. ఈ రెండు జాతులవాళ్లూ ఎదురుపడితే సరదాకి తిట్టుకోవడం ఆచారం, తిట్టుకోకపోతేనే తప్పు.

"ఆవుల తోకలు పట్టుకు తిరిగేదానివి, నాకు చెప్పొచ్చావా?"

"సజ్జల బస్తా, నువ్వు నా బానిసవి. బానిస చెయ్యి పాడైతే నష్టం నాకే. కదలకు."

వేరుశనగ కోతలయ్యాక పేటలో కుస్తీ పోటీలు పెట్టారు. ఈసారి పాత వస్తాదులు కూడా బరిలోకి దిగి, కుస్తీ పట్టకుండా, తమ గొప్పలు తామే పాడుకుంటూ చిందెయ్యాలన్నారు. ఒకప్పుడు పద్నాలుగు కుస్తీల్లో లాతీర్ వీపు ఇసుకను తాకలేదు. కబురు రాగానే అతని వయసు పదేళ్లు తగ్గింది.

పోటీల రోజు ఉదయం పల్లె నుంచి మేనత్త తెనింగ్ దిగింది. కొంగున లాతీర్ తండ్రి కట్టుకున్న తోలు తాయెత్తు ఉంది. తండ్రి లేని ఇంట్లో తండ్రి మాట మేనత్త నోట వస్తుంది. తాయెత్తు ఎడమ దండకే కట్టాలంది.

"ఆ చెయ్యి వద్దత్తా. అక్కడ బిగుతు తగలకూడదు."

"ఏ చేతికి ప్రమాదముందో ఆ చేతికే కదరా కాపలా పెట్టేది?"

చివరికి వేలు దూరేంత వదులుగా కట్టేట్టు రాజీపడ్డారు. ఆనవాయితీ ప్రకారం ఆమె తాయెత్తును ఆకుల నీళ్లలో నానబెట్టి కట్టింది. తడిసిన తోలు ఎండకు బిగుస్తుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

బరిలో డప్పులు మోగాయి. లాతీర్ పాడాడు, ఆడాడు, ఇసుక ఎగజల్లాడు. ముందురోజే డయాలసిస్ అయింది, ఒంట్లో మిగిలిన కాస్త నీరూ చెమటై కారిపోయింది. అరగంటకు ఎడమచేతి వేళ్లు చల్లబడ్డాయి. దండ చెవికి ఆనించుకున్నాడు. డప్పులే వినిపించాయి. వేళ్లతో తడిమాడు. డప్పులకు నేలే అదురుతోంది, ఏ అదురు ఎవరిదో తెలియలేదు. పాట మధ్యలో ఆపేసి బరి దాటి నడిచాడు. ఉచ్చకు పోతున్నాడని ఎవరో అరిస్తే జనం పగలబడి నవ్వారు.

మాంసం కాల్చే కొట్టు వెనక, గోడ చాటున, మళ్లీ విన్నాడు. తుమ్మెద లేదు.

అతణ్ణి వెక్కిరించడానికే వచ్చిన పెందా వెనకాలే పరుగెత్తింది. మేనత్తా వచ్చింది. పెందా వేళ్లు పెట్టి చూసి, నూలుపోగంత ప్రవాహం ఇంకా ఉందనీ తాయెత్తు వెంటనే తీయాలనీ చెప్పింది. ముడి రాయిలా ఎండిపోయి ఉంది. కొయ్యాల్సిందే. చచ్చిపోయిన తండ్రి తాయెత్తును ఎవరు కోస్తారు? లాతీర్ మేనత్త కళ్లలోకి చూశాడు.

ముసలామె వంగి మేనల్లుడి దండకు చెవి పెట్టింది.

"ఇక్కడ ఏం వినపడాల్రా?"

"తుమ్మెద, అత్తా. అదుంటేనే నేనుంటాను."

ఆమె కొట్టువాడి కత్తి లాక్కుని తోలు పటుక్కున కోసేసింది. "మా అన్న నాకు కొడుకును అప్పజెప్పాడు, తోలుముక్కను కాదు."

కాసేపు ఏమీ లేదు. తర్వాత దోమలా సన్నగా మొదలైంది. ఈగంత అయింది. ఉన్నట్టుండి ఝుమ్మంది. చెవి తీయకుండానే మేనత్త బోసినోటితో నవ్వింది.

"మీ నాన్న గురకలాగే ఉందిరా."

పెందా అతణ్ణి మోటార్‌సైకిల్ ఎక్కించి ఆస్పత్రికి తోలుకెళ్లింది. డాక్టరు పరీక్షచేసి గడ్డ లేదన్నాడు. దారి పొడవునా పెందా తిట్టినన్ని తిట్లు రెండు జాతులూ కలిసి నూరేళ్లకు సరిపోతాయి. పొద్దు వాలేలోగా లాతీర్ బరికి తిరిగొచ్చి ఆపిన చోటి నుంచే పాట ఎత్తుకున్నాడు. ఈసారి నవ్వినవాళ్లే ఈలలు వేశారు.

మంగళవారం డయాలసిస్‌కు మేనత్త కూడా బయలుదేరింది. కోసిన తాయెత్తుకు కొత్త దారం వేసి యంత్రం కాలికి కట్టింది. పెందా చూసి, యంత్రానికి నరాలు లేవు కాబట్టి ఎంత బిగించినా ఫరవాలేదంది. లాతీర్ నరంలోకి సూదులు తేలిగ్గా దిగాయి. ఆ తర్వాత ముసలామె మంచం మంచానికీ తిరిగి అందరి చేతులకూ చెవి పెట్టింది. ఒకతనిది కందిరీగ అంది, ఒకామెది పిల్లికూన అంది. కిటికీ పక్క మంచం మీది చేపలమ్మే ఆవిడ తుమ్మెద ఉన్న చేతికే మోచేతి పైదాకా ఎక్కించుకున్న గాజులు చూసి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తియ్యి. కత్తి తెప్పించమంటావా?"